గట్టిగా మాట్లాడితే ముక్కుమాట పోతుందా?

"డాక్టరు గారూ, వీడు ముక్కుతో మాట్లాడుతున్నాడండీ. అదీ లోలోపల గొణుగుతాడు. గట్టిగా మాట్లాడరా అని ఇంట్లో మేమూ, బళ్ళో మాస్టారూ రోజూ చెబుతూనే ఉన్నాం. ఎంత చెప్పినా వినడు."

ఎనిమిదేళ్ళ కొడుకును వెంటబెట్టుకొని వచ్చిన ఒక తల్లి అన్న మాటలివి. ఇలాంటి మాటలు మా ఆస్పత్రిలో తరచు వింటూనే ఉంటాను. ఆ పిల్లవాడు తల్లి కొంగు చాటున నిలబడ్డాడు. నీ పేరేమిటి బాబూ అని అడిగితే చెప్పలేదు. చెప్పడం రాక కాదు. చెబితే నవ్వుతారని.

ముక్కుతో మాట్లాడటం ఒక అలవాటనీ, గొంతు పెంచి మాట్లాడితే అది దానంతటదే పోతుందనీ చాలా ఇళ్ళలో అనుకుంటారు. అది కొందరి విషయంలోనే, అదీ కొంతవరకే నిజం. చాలామంది విషయంలో ఈ సలహా వలన మేలు కంటే కీడే ఎక్కువ. ఎందుకో ఈ వారం తెలుసుకుందాం.

మాట ఎలా పుడుతుంది?

హార్మోనియం పెట్టెను చూసినవారికి ఇది సులువుగా బోధపడుతుంది. వెనక తిత్తి గాలి కొడుతుంది. ఆ గాలికి లోపలి రీడ్లు మోగుతాయి. మన ఒంట్లో ఊపిరితిత్తులే ఆ తిత్తి. గొంతులోని స్వరపేటికలో ఉన్న రెండు స్వరతంత్రులు రీడ్లు. తిత్తిని ఎంత బలంగా నొక్కితే శబ్దం అంత పెద్దదవుతుంది. గొంతు పెంచడం, తగ్గించడం అన్నది ముఖ్యంగా ఇక్కడ జరిగే పని.

అయితే స్వరతంత్రుల దగ్గర పుట్టే శబ్దం ఇంకా మాట కాదు. అది పైకి వచ్చి గొంతులోనూ, నోట్లోనూ, అవసరమైనప్పుడు ముక్కులోనూ మారుమోగి, నాలుక, పెదవులు, పళ్ళు మలిచిన తరువాత మాట అవుతుంది. నోటికీ ముక్కుకూ మధ్య ఒక తలుపు ఉన్నది. అద్దం ముందు నిలబడి నోరు బాగా తెరిచి "ఆ" అనండి. కొండనాలుక పైకి లేవడం కనిపిస్తుంది. ఆ కొండనాలుక వేలాడుతున్న మెత్తని అంగిలే ఈ తలుపు. ఊపిరి పీల్చేటప్పుడు అది కిందికి వాలి ముక్కుదారిని తెరిచి ఉంచుతుంది. మాట్లాడేటప్పుడు పైకి లేచి, గొంతు వెనక గోడకు ఆనుకొని ముక్కుదారిని మూస్తుంది. మింగేటప్పుడూ అంతే. అందుకే తాగిన నీళ్ళు ముక్కులోంచి రావు.

మ, న, ణ వంటి అక్షరాలు పలికేటప్పుడు మాత్రం ఈ తలుపు తెరుచుకోవాలి. మన వ్యాకరణవేత్తలు వీటికి అనునాసికాలని పేరు పెట్టడంలో ఎంతో పరిశీలన ఉన్నది. తక్కిన హల్లులకు తలుపు మూసుకోవాలి. మాటలో ఈ తెరవడం, మూయడం మనకు తెలియకుండానే క్షణక్షణం జరిగిపోతూ ఉంటుంది.

ముక్కుకూ శబ్దానికీ లంకె

ఇప్పుడొక చిన్న పరీక్ష చేయండి. పెదవులు మూసి "మ్..." అని మీకు చేతనైనంత గట్టిగా అనండి. తరువాత నోరు తెరిచి అంతే బలంతో "ఆ..." అనండి. "ఆ" వీధి చివరి దాకా వినిపిస్తుంది. "మ్" పక్క గదికి వినిపిస్తే గొప్ప. పడిన కష్టం ఒకటే. శబ్దంలో ఎంతో తేడా.

కారణం ఏమిటంటే ముక్కు లోపలి దారులు ఇరుకు. వాటి గోడలు మెత్తగా, తడిగా ఉంటాయి. పరుపులూ, దుప్పట్లూ పరిచిన గదిలో మాట మోగదు. ఖాళీ గదిలో మోగుతుంది. అదే విధంగా ముక్కు దారి పట్టిన శబ్దంలో కొంత భాగాన్ని ఆ మెత్తని గోడలే మింగేస్తాయి. కాబట్టి తలుపు సరిగా మూసుకోని మనిషి మనతో సమానంగా శ్రమపడి మాట్లాడినా మనంత గట్టిగా వినిపించడు. లోగొంతుకతో మాట్లాడుతున్నాడని మనం అనుకునేది చాలాసార్లు ఇదే. అది బద్ధకమూ కాదు, మొండితనమూ కాదు.

మామ "బాబ" అయితే, బాబు "మాము" అయితే

ముక్కుతో మాట్లాడుతున్నాడని మనం ఒకే మాట అంటాం గాని అందులో రెండు రకాలున్నాయి. ఈ రెండూ ఒకదానికొకటి పూర్తిగా వ్యతిరేకం.

మొదటిది, ముక్కు మూసుకుపోయినవారి మాట. పడిశం పట్టినప్పుడు గమనించండి. మ, న పలకడానికి ముక్కులోంచి దారి ఉండదు. "మామ" కాస్తా "బాబ" అవుతుంది. "నాన్న" "దాద్ద" అవుతుంది. జలుబు నాలుగు రోజుల్లో తగ్గిపోతుంది. కాని నెలల తరబడి ఇలాగే ఉంటే కారణం వెతకాలి. పిల్లల్లో ముక్కు వెనక భాగాన అడినాయిడ్స్ అనే కండ పెరగడం, పెద్దవారిలో ఎలర్జీ వాపు, ముక్కులో తిత్తుల్లాంటి కండలు, ముక్కుదూలం వంకర సాధారణ కారణాలు. ఈ పిల్లలు నోరు తెరుచుకొని నిద్రపోతారు. గురక పెడతారు.

రెండవది, తలుపు మూసుకోనివారి మాట. ఇక్కడ గాలి అవసరం లేని చోట కూడా ముక్కులోకి జారిపోతుంది. ప, బ, త, క వంటి అక్షరాలకు నోట్లో గాలి బిగబట్టాలి. గాలి నిలవకపోతే "బాబు" "మాము" అవుతాడు, "తాత" "నాన"లా వినిపిస్తాడు. పుట్టుకతో అంగిలి చీలి ఉండటం, అంగిలి పొట్టిగా ఉండటం, లేదా అంగిలి కండరాలకు పక్షవాతం రావడం ఇందుకు కారణాలు.

మామ బాబ అయితే ముక్కు మూసుకున్నదని, బాబు మాము అయితే తలుపు తెరుచుకొని ఉన్నదని గుర్తు పెట్టుకుంటే చాలు.

ఇక మూడో రకం ఒకటి కనిపిస్తుంది గాని అది జబ్బు కాదు. బస్టాండులో సరుకు అమ్మే మనిషి గొంతు ఎంతో సన్నగా, పదునుగా, ముక్కులోంచి వస్తున్నట్టు వినిపిస్తుంది. కాని ఆ గొంతు బస్సుల మోతను చీల్చుకొని వస్తుంది. మైకులు లేని రోజుల్లో నాటకాల్లో పద్యం చివరి వరుస దాకా వినిపించిందంటే అలాంటి పదును ఉండబట్టే. అది ముక్కు మహిమ కాదు. స్వరపేటికకు సరిగ్గా పైన గొంతును ఇరుకు చేయడం వలన వచ్చే మోత. ఆ మనిషి ముక్కు మూసి "ఆ" అనిపించినా గొంతు మారదు.

మరి గట్టిగా మాట్లాడితే ఏమవుతుంది?

అంగిలి ఆరోగ్యంగా ఉండి, పళ్ళు బిగించి, నోరు తెరవకుండా మాట్లాడే అలవాటున్నవారు కొందరు ఉంటారు. వారు గొంతు కొంచెం పెంచి మాట్లాడితే నోరు బాగా తెరుచుకుంటుంది, అంగిలి కూడా కాస్త చురుకుగా లేస్తుంది. ముక్కు ధ్వని తగ్గినట్టు వినిపిస్తుంది. స్పీచ్ థెరపిస్టులు ఈ కిటుకును వాడుకుంటారు. అయితే ఇందులో అరుపు కంటే నోరు తెరవడానిదే ఎక్కువ పాత్ర.

తలుపు మూసుకోనివారి సంగతి వేరు. చిల్లుపడిన సైకిలు ట్యూబుకు ఎంత బలంగా గాలి కొడితే అంత జోరుగా బయటికి పోతుంది. ఆ పిల్లవాడు గొంతు పెంచితే ముక్కులోంచి బుస్సుమనే చప్పుడు కూడా పెరగవచ్చు. ఆ లోటు పూడ్చుకోవడానికి వాడు గొంతును బిగించి నొక్కి మాట్లాడతాడు. పారపట్టిన చేతులకు కాయలు కాచినట్టే, ఒకదానితో ఒకటి గట్టిగా కొట్టుకునే స్వరతంత్రుల మీద చిన్న కాయలు లేస్తాయి. అప్పుడు ముక్కుమాటకు బొంగురు గొంతు తోడవుతుంది.

ముక్కు మూసుకుపోయినవారికీ అరుపు వలన లాభం లేదు. అరిస్తే ముక్కు తెరుచుకోదు గదా!

ఇంకో విషయం. కొందరు పిల్లలు లోగొంతుకను తమంతట తామే కనిపెడతారు. మెల్లగా మాట్లాడితే ముక్కులోంచి వచ్చే చప్పుడు తక్కువగా వినిపిస్తుంది, పక్కవాళ్ళు నవ్వరు. వాడు దాచుకుంటున్నాడన్న మాట. కారణం వెతకకుండా "గట్టిగా చెప్పు" అని నలుగురిలో గద్దిస్తే, వాడు గొంతు పెంచడు. మాటే మానేస్తాడు.

చెవి సంగతి మరువకండి

గొంతు ఎంత పెంచాలో మనకు చెప్పేది చెవి. చుట్టూ మోత ఉంటే మనకు తెలియకుండానే గొంతు పెరుగుతుంది. ఎతియెన్ లొంబార్ అనే ఫ్రెంచి వైద్యుడు 1911లో వివరించిన సంగతి ఇది. రెండు చెవుల్లో వేళ్ళు పెట్టుకొని మాట్లాడి చూడండి. మీ గొంతు మీ తలలోనే పెద్దగా మోగుతుంది. నడిమి చెవిలో నీరు చేరిన పిల్లలకు ఎప్పుడూ అలాగే ఉంటుంది. తన మాట తనకు పెద్దగా వినిపిస్తున్నప్పుడు గొంతు ఎందుకు పెంచుతాడు? అంగిలి చీలిక ఉన్న పిల్లల్లో చాలామందికి ఈ చెవి నీరు ఉంటుంది. అడినాయిడ్స్ పెరిగిన పిల్లల్లోనూ తరచు చూస్తాం. ఇక పుట్టు చెవుడు ఉన్నవారికి తమ మాట తమకు సరిగా వినిపించదు గనుక గొంతు హెచ్చుతగ్గులూ, అంగిలి కదలికా రెండూ అదుపులో ఉండవు. కాబట్టి ముక్కుమాట ఉన్న ప్రతి పిల్లవాడికీ వినికిడి పరీక్ష చేయించాలి.

నేను చేసిన పొరపాటు

ఇరవై అయిదేళ్ళ క్రితం నేనొక చిన్న ఊరి ఆస్పత్రిలో కొత్తగా పనిచేస్తున్నాను. అయిదేళ్ళ పాపను తండ్రి తీసుకొని వచ్చాడు. నోటితో ఊపిరి, రాత్రిళ్ళు గురక, ముక్కుమాట. బయట రోగులు బారులు తీరి ఉన్నారు. అడినాయిడ్స్ అని తేల్చి, తీయించమని ఉత్తరం రాసి పెద్ద ఆస్పత్రికి పంపాను. ఆపరేషన్ జరిగింది. గురక పోయింది. మూడు నెలలకు తండ్రి పాపను మళ్ళీ తీసుకొని వచ్చాడు. ఆ పాప మాట ఇప్పుడు తల్లికి కూడా అర్థం కావడం లేదు. పాలు తాగితే ముక్కులోంచి వస్తున్నాయి.

అప్పుడు టార్చిలైటు వేసి చూశాను. కొండనాలుక రెండుగా చీలి ఉంది. అంగిలి పైన పొర కప్పి ఉండి, లోపలి కండరం కలవని చీలిక అది. పైపైన చూస్తే తెలియదు. అంగిలి చాలక మిగిలిన సందును ఇన్నాళ్ళూ ఆ అడినాయిడ్స్ కండే పూడ్చి పెట్టింది. నేను తీయించింది దాన్నే.

"కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టయింది, డాక్టరు గారూ" అన్నాడు ఆ తండ్రి. కోపంగా అనలేదు. ఆ సామెత నేను అంతకుముందు ఎన్నోసార్లు నవ్వుతూ వాడాను. ఆ తరువాత వాడలేదు. పాపకు అంగిలి సరిచేసే ఆపరేషన్ మరొకటి చేయించవలసి వచ్చింది. స్పీచ్ థెరపీతో మాట స్పష్టం కావడానికి రెండేళ్ళు పట్టింది. ఆనాటి నుంచి ముక్కుమాట అని వచ్చిన ఏ పిల్ల నోటినీ టార్చితో చూడకుండా పంపలేదు.

దీన్ని బట్టి అడినాయిడ్స్ ఆపరేషన్ అంటే భయపడవద్దు. అవసరమైన పిల్లలకు అది ఎంతో మేలు చేస్తుంది. ఆపరేషన్ తరువాత కొన్ని వారాలు మాట ముక్కులోంచి రావడం మామూలే, సర్దుకుంటుంది. నేను చెప్పేదల్లా ముందు అంగిలి చూడమని అడగండి అని. నూటికి ఒకరిద్దరికి కొండనాలుక చీలి ఉంటుంది. వారిలో ఎక్కువమందికి ఏ ఇబ్బందీ ఉండదు. కాని ఆపరేషన్‌కు ముందు అది తెలిసి ఉండాలి.

ఇంట్లో చేసుకోదగిన పరీక్ష

పిల్లవాడి చేత "పాప పలక పట్టుకుపో" అనిపించండి. ఇందులో ముక్కుతో పలికే అక్షరం ఒక్కటీ లేదు. మొదట మామూలుగా, తరువాత ముక్కు రంధ్రాలు వేళ్ళతో మూసి అనిపించండి. రెండుసార్లూ ఒకేలా వినిపించాలి. ముక్కు మూయగానే మాట మారిందంటే గాలి ముక్కులోకి పోతున్నదన్న మాట.

తరువాత "మా మామ మామిడిమొక్క నాటాడు" అనిపించండి. ఇక్కడ ముక్కు మూస్తే మాట మారాలి. మారకపోతే ముక్కు ముందే మూసుకుపోయి ఉన్నది.

ముక్కు కింద చిన్న అద్దం పెట్టి ఒకే ఊపిరిలో "పా పా పా" అనిపించి, ఊపిరి వదిలేలోగా తీసి చూడండి. అద్దానికి ఆవిరి పడితే అదీ గాలి కారుతున్నదనడానికి గుర్తే. ఈ పరీక్షలు అనుమానం కలిగించడానికే. తేల్చవలసింది చెవి, ముక్కు, గొంతు డాక్టరు.

ఏమి చేయాలి? ఏమి చేయకూడదు?

బూరలు ఊదించడం, ఈలలు వేయించడం, కొవ్వొత్తులు ఆర్పించడం వలన మాట బాగుపడదు. ఊదేటప్పుడు అంగిలి లేచే తీరు వేరు, మాట్లాడేటప్పుడు లేచే తీరు వేరు. మాట సరిచేయాలంటే మాటతోనే అభ్యాసం చేయాలి. పసిపిల్లల నాలుకకు వసకొమ్ము అరగదీసి రాయవద్దు. దానివలన మాట రాదు సరికదా, వాంతులు పట్టుకోవచ్చు. నాలుక కింది తీగ కోయిస్తే ముక్కుమాట పోదు. కొండనాలుక కోయించడం మరీ ప్రమాదం.

అంగిలి చీలికతో పుట్టిన బిడ్డకు, మాటలు స్థిరపడకముందే, సాధారణంగా 9 నుంచి 18 నెలల మధ్య ఆపరేషన్ చేస్తారు. ప్రపంచం మీద సుమారు 700 కాన్పులకు ఒక బిడ్డ గ్రహణం మొర్రితో గాని, అంగిలి చీలికతో గాని పుడుతున్నది. దీనికీ గ్రహణానికీ సంబంధం లేదు. తల్లిని నిందించవలసిన పని అసలే లేదు. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద 18 ఏళ్ళ లోపు పిల్లలను అంగన్‌వాడీల్లో, బడుల్లో పరీక్షించే బృందాలున్నాయి. మొర్రి, అంగిలి చీలిక, చెవుడు ఆ జాబితాలో ఉన్నాయి. ఉచితంగా వైద్యానికి పంపుతారు. హైదరాబాదు కోఠీలోనూ, విశాఖపట్నంలోనూ చెవి ముక్కు గొంతులకే ప్రత్యేకమైన ప్రభుత్వ ఆస్పత్రులున్నాయి.

ఇంట్లో మీరు చేయవలసింది చిన్నదే. పిల్లవాడు మాట్లాడుతుంటే రేడియో, టీవీ కట్టండి. దగ్గరికి వెళ్ళి మొహం చూస్తూ వినండి. "గట్టిగా" అనడం మాని "నోరు బాగా తెరిచి, నిదానంగా చెప్పు నాన్నా" అనండి. బళ్ళో మాస్టారికి సంగతి చెప్పి ముందు వరుసలో కూర్చోబెట్టించండి. గొంతు బొంగురు మూడు వారాలు దాటితే, పిల్లలకైనా పెద్దలకైనా, స్వరపేటికను పరీక్ష చేయించండి.

ఒక్క పూట కూడా ఆగకూడని సందర్భాలు

నిన్నటి దాకా బాగా మాట్లాడిన మనిషి మాట హఠాత్తుగా ముక్కులోంచి వస్తున్నా, తాగిన నీళ్ళు ముక్కులోంచి వస్తున్నా వెంటనే ఆస్పత్రికి తీసుకొని వెళ్ళండి. అది అంగిలి నరాలకు వచ్చిన పక్షవాతం కావచ్చు. పెద్దవారిలో మూతి వంకర, చెయ్యి లాగడం తోడైతే మెదడులో రక్తప్రసారం ఆగిందని అనుమానించాలి. పిల్లల్లో గొంతునొప్పి, జ్వరం వచ్చిన రెండు మూడు వారాలకు ఇలా జరిగితే డిఫ్తీరియా కావచ్చు. 6, 10, 14 వారాలకూ, ఒకటిన్నర ఏడు, అయిదేళ్ళు, పదేళ్ళు, పదహారేళ్ళకూ ఇవ్వవలసిన టీకాలు తప్పకుండా వేయిస్తే ఆ భయం ఉండదు.

నాగుపాము గాని, కట్లపాము గాని కరిచిన మనిషికి రెప్పలు వాలుతూ మాట ముక్కులోంచి వస్తున్నదంటే విషం నరాలకు ఎక్కుతున్నది. కట్లపాము కాటు గుర్తు కనిపించకపోవచ్చు. మంత్రాలకు ఆగక, విషానికి విరుగుడు ఇంజెక్షన్ ఉన్న ఆస్పత్రికి పరుగెత్తాలి.

పొద్దున బాగున్న మాట మాట్లాడే కొద్దీ ముక్కులోకి పోయి, సాయంత్రానికి మరీ బలహీనమై, రెప్పలు వాలుతుంటే అది కండరాల నీరసానికి సంబంధించిన మయస్థీనియా అనే జబ్బు కావచ్చు. దానికి మంచి మందులున్నాయి.

మొదట చెప్పిన పిల్లవాడికి పరీక్షలు చేశాం. "పాప పలక" అనేసరికి అద్దం మసకబారింది. కొండనాలుక చీలి ఉంది. రెండు చెవుల్లోనూ నీరు. ఎనిమిదేళ్ళుగా అందరూ వాడిని గట్టిగా మాట్లాడమన్నారు. ఒక్కరూ నోరు తెరిపించి చూడలేదు. వాడికి చెవులకూ, అంగిలికీ ఆపరేషన్ అయింది. స్పీచ్ థెరపీ ఇంకా సాగుతున్నది. క్రితం నెల వచ్చినప్పుడు అడగకుండానే తన పేరు చెప్పాడు. లోగొంతుకతోనే చెప్పాడు. నాకు స్పష్టంగా వినిపించింది.

మీ ఇంట్లోనో, పక్కింట్లోనో ఇలాంటి పిల్లలుంటే ముందు టార్చిలైటు తీయండి. కేకలు తరువాత చూసుకుందాం.